పడేవాళ్ళను పసిగట్టే గోదావరి

సోలాపూర్‌లో కుంఠా నాకా దాటి లోపలికి వెళ్తే, సాంచాల షెడ్ల మధ్య ఇరుక్కుని ఒక ట్రస్టువాళ్ళ కంటి దవాఖాన ఉండేది. కరెంటు మగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఆ దవాఖాన కట్టించిన పుణ్యాత్ముడెవరోగానీ, జనం కళ్ళ గురించి ఆలోచించాడు, చెవుల సంగతి మాత్రం మరిచిపోయాడు. అటు గోడకు ఒక షెడ్డు, ఇటు గోడకు ఒక షెడ్డు, వెనకాల ఇంకోటి. పొద్దంతా టకాటకా, రాత్రంతా టకాటకా. ఆ మోతకు వార్డులో ఇనుప మంచాలు కూడా సన్నగా వణుకుతుండేవి. కొత్తగా వచ్చిన రోగి హడలిపోయి దేవుళ్ళకు మొక్కేవాడు. రెండో రోజుకల్లా అదే ఊపుకు గుర్రుపెట్టి నిద్రపోయేవాడు.

అక్కడి ఆయా పేరు గోదావరి. యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది, నోరు మాత్రం మనిషికి రెండింతలు. పెళ్ళయిన నాటి నుంచి బీడీలు చేసింది. మొగుడు మల్లేశం సాంచాల మీదనే అరిగి అరిగి పోయాక, తంబాకు దుమ్ముకు ఈమెకు దగ్గు ముదిరింది. బీడీలు మానకపోతే నువ్వూ ఆయన వెనకాలే పోతావని ఎవరో భయపెట్టారు. బతికున్నన్నాళ్ళు ఆయన వెనకాల నడిచే విసుగెత్తిపోయాను, చచ్చాక కూడా ఏం నడుస్తానులే అని బీడీల చాట పక్కన పడేసి దవాఖానలో చేరింది. ఊడవడం, తుడవడం, బెడ్‌పాన్‌లు అందించడం, అడిగినా అడగకపోయినా అందరికీ బుద్ధి చెప్పడం ఆమె పని. చివరిది ఎవరూ అప్పగించలేదు.

ఇది ఎనభైలలో మాట. అప్పట్లో కంటి ఆపరేషనంటే ఇప్పటిలా పొద్దున వచ్చి సాయంత్రం నల్లద్దాలు పెట్టుకుని పోయేది కాదు. పొర తీసి, కుట్టేసి, పట్టీ కట్టి, రోజుల తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవారు. దగ్గకూడదు, తుమ్మకూడదు, ఏడవకూడదు, కడుపారా నవ్వనూ కూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పడకూడదు. పడితే కుట్టు తెగుతుంది, కన్ను పోతుంది. నేల మీద చాప వేసుకుని పెరిగిన జనానికి ఆ ఎత్తు మంచాలే పెద్ద గండం. రెండువైపులా కటకటాలున్న మంచం వార్డు మొత్తానికి ఒక్కటే ఉండేది. అందులో ఎవర్ని వెయ్యాలన్నది ప్రతిసారీ ఒక పంచాయితీ. శాంత సిస్టర్ వయసు చూసి, బి.పి. చూసి, తను చదువుకున్న పద్ధతి ప్రకారం ఒక పేరు చెప్పేది. డాక్టరు అంతా విని గోదావరి వైపు తిరిగేవాడు.

"గోదావరిబాయి, ఆజ్ కోణ్ పడణార్?" అనేవాడు. ఈరోజు పడేదెవరని.

ఆమె ఎవరి మీద చెయ్యి చూపిస్తే వాణ్ణి కటకటాల్లోకి మార్చేవారు. మిగతావాళ్ళెవరూ పడేవారు కాదు. దాంతో ఆమెకు కొమ్ములొచ్చాయి.

ఆమె పద్ధతి ఆమెది. రోగి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఊపిరి తీసుకోకుండా చివాట్ల వంటి ఉపదేశం మొదలుపెట్టేది. "లేవద్దు, కూసోవద్దు, ఉచ్చొస్తె నన్ను పిలువు, దొడ్డికొస్తె గూడ నన్నే పిలువు, నా మొకం నచ్చకపోతె కండ్లకు ఎట్లాగూ పట్టీ ఉంటది." ఈ మాట అంటున్నప్పుడు రోగి మొహంలో ఏం కదులుతుందో చూసేది. ఉచ్చ పేరెత్తగానే మొహం తిప్పుకునేవాడు తప్పకుండా పడతాడని ఆమె లెక్క. పరాయి ఆడదాని చేతిలో డబ్బా అడగలేక, గోడ పట్టుకుని పోదామని లేస్తాడు. నాకేం కాదు అనేవాడు కూడా అంతే. ఆ మాట నోట్లోంచి వచ్చిందంటే సాయంత్రానికల్లా నేల మీద వెతుక్కోవాలి. కోడలు వస్తుంది, చూసుకుంటుంది అని ధీమాగా చెప్పేవాళ్ళ గురించి ఆమె ఏమనేదో ఇక్కడ రాయడం మర్యాద కాదు. బుద్ధిగా విని, సరేనని తలూపేవాళ్ళతో మాత్రం ఆమెకు పేచీ ఉండేది కాదు.

ఒక రోజు నరసయ్య వచ్చాడు. వెంట భార్య యల్లమ్మ. ఆయన ముప్ఫై ఏళ్ళుగా సాంచాల మనిషి. కుర్రతనంలోనే మగ్గం మీద నూలు మోసే నాడె ఎగిరొచ్చి ఎడమ కన్ను తీసుకుపోయింది. ఉన్నది ఒక్కటే కన్ను, దానికిప్పుడు పొర వచ్చి దుప్పటి అంచు రంగు కూడా తెలియకుండా పోయింది. ఈ కన్ను కూడా పోతే ఆయన బతుకు మూలన కూర్చోవడమే. యల్లమ్మ బీడీలతో ఇద్దరి కడుపు నిండదు. ఆ సంగతి ఆమె వార్డులోకి అడుగుపెడుతూనే ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పింది, స్వీపరుకు కూడా చెప్పింది.

అదే రోజు వాసుదేవ్ కూడా చేరాడు. కొంతం చౌక్‌లో నూలు దుకాణం ఉన్న షావుకారు. మనిషి భారీగా ఉంటాడు, మూలుగు అంతకన్నా భారీ.

శాంత సిస్టర్ చూసి, "నరసయ్యను కటకటాల్లో పెడదాం, ఒంటి కంటి మనిషి" అంది.

గోదావరి ఊరుకుంటే కదా. ముందు వాసుదేవ్ దగ్గర కూర్చుని ఉపదేశం చేసింది. ఉచ్చ దగ్గరికి వచ్చేసరికి ఆయన గోడకేసి తిరిగి, "నాకేం కాదమ్మా" అన్నాడు. రెండు లక్షణాలూ ఒక్కడిలోనే దొరికాయి. తరువాత నరసయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన మసక కన్ను ఆమె వైపే తిప్పి, ఒక్క మాటకూ అడ్డు చెప్పకుండా, ప్రతి మాటకూ చక్కగా తలూపాడు. లేవొద్దు అంటే ఊపాడు, కూర్చోవద్దు అంటే ఊపాడు. ఉచ్చ అన్నప్పుడైతే చిరునవ్వు నవ్వి మరీ ఊపాడు. గోదావరికి ప్రాణం లేచొచ్చింది. తన మల్లేశం కూడా ఇలాగే తలూపేవాడు. కాకపోతే ఊపినవాటిలో ఒక్కటీ చేసేవాడు కాదు. ఆ తేడా ఆ క్షణంలో ఆమెకు గుర్తు రాలేదు.

"ఎంత మంచోడమ్మ నీ మొగుడు" అంది యల్లమ్మతో.

"మంచోడేంది అక్క. గట్లనే ఊపుతడు, ఎన్కనుంచి ఆయన చేసేది ఆయన చేస్తడు."

మొగుడు మంచివాడంటే ఒప్పుకునే ఆడది సోలాపూర్‌లో ఇంకా పుట్టలేదు కాబట్టి గోదావరి ఆ మాట చెవిన వేసుకోలేదు. డాక్టరు అడగగానే షావుకారు మీద చెయ్యి చూపించింది. శాంత సిస్టర్ ఏదో అనబోయి, ఈమె నోటికి జడిసి ఊరుకుంది.

ఆపరేషన్లు అయ్యాయి. మర్నాడు మధ్యాహ్నం భోజనాలప్పుడు గోదావరి కటకటాల అవతల నిలబడి వాసుదేవ్‌కు గంజి తాగిస్తోంది. ఆయన ఒక గుక్క తాగి రెండు మూలుగులు మూలుగుతున్నాడు. నరసయ్య అటు చివరి మంచంలో కంటికి పట్టీతో, కదలకుండా మెదలకుండా పడుకుని ఉన్నాడు. అప్పుడు కరెంటు పోయింది.

కరెంటు పోతే మిగతా ఊళ్ళలో చీకటవుతుంది. అక్కడ నిశ్శబ్దమవుతుంది. మూడు షెడ్లూ ఒక్కసారి ఆగిపోయాయి. మంచాల వణుకు ఆగింది. మరుక్షణం నరసయ్య లేచి కూర్చున్నాడు.

కూర్చోవడమే కాదు, కాళ్ళు కిందికి వేశాడు. గోదావరి గంజి గ్లాసు షావుకారు పొట్ట మీదే వదిలేసి పరుగెత్తింది. "అన్నా, పండుకో. లేవద్దని చెప్పిన్నా లేదా?" అని అరుస్తూ వెళ్ళి భుజం పట్టుకుంది. ఆయన ఆమె చేతి కింద బుద్ధిగా తలూపి, లేచి నిలబడి, అడుగు ముందుకేశాడు.

అంత ఎత్తు మంచం, కంటికి పట్టీ, కింద మూత్రం డబ్బా. కాలు దానికి తగిలి మనిషి ముందుకు తూలాడు. ఆపడానికి గోదావరికి ఒకటే దారి కనిపించింది, తను ఆయన కింద పడటం. పడింది. మోచెయ్యి గచ్చుకు కొట్టుకుని ఎక్కడో కలుక్కుమంది. పైన నరసయ్య. ఆయన ఆమె మీద పడి ఉన్నాడన్న ధ్యాస కూడా లేకుండా, గాల్లోకి కుడిచెయ్యి చాపి దేన్నో తడుముకుంటున్నాడు.

"పిడి తియ్యాలె" అన్నాడు గట్టిగా. "కరెంటొస్తె పోగులన్ని తెగుతయి."

తడిమే ఆ చెయ్యి గోదావరికి తెలుసు. మల్లేశం కూడా ఇంట్లో పడుకుని, వీధిలో సాంచాలు ఆగగానే నిద్రలోనే లేచి ఇలాగే తడిమేవాడు. మోత ఉన్నంతసేపు నిద్రపోయి, మోత ఆగగానే లేచే జాతి అది. ఆగిన మగ్గం పిడి తీసి పెట్టకపోతే, కరెంటు తిరిగి రాగానే అది ఒక్క ఊపున కదిలి పోగులు తెంపేస్తుంది. ఆ సంగతి తనకు తెలియనిది కాదు. కానీ లేవొద్దని అంత చెప్పాక కూడా ఎందుకు లేచాడు? ఆమెకు అనుమానం వచ్చింది. కింద పడి ఉండగానే మంచం పక్కనున్న స్టీలు గ్లాసు మంచిచేత్తో అందుకుని, ఆయన చెవి దగ్గరే గచ్చుకేసి ఠంగుమని కొట్టింది. షావుకారు అదిరిపడి శివశివా అన్నాడు. నరసయ్య ఉలిక్కి కూడా పడలేదు.

ఆయన ఆమె మాటల్లో ఒక్కటీ వినలేదు. సాంచాలు ఆగిన సంగతి కూడా ఆయనకు మంచం వణుకు ఆగితేనే తెలిసింది. షెడ్డులో మోతకు ఎవరేం చెప్పినా వినపడదు, అందుకని ఎవరి నోరు కదిలినా తలూపడం ఆ మనుషులకు అలవాటు. ఊపితే ఎదుటివాడు తృప్తిపడి తన పనికి పోతాడు. గోదావరి కూడా అలాగే తృప్తిపడింది. ముప్ఫై ఏళ్ళు అటువంటి మొగుడితో కాపురం చేసిన మనిషి, కొత్తగా వచ్చిన డాక్టరమ్మలా మోసపోయింది. ఆ మోసపోవడం కన్నా మోచెయ్యే తక్కువ నొప్పి పెట్టింది.

డాక్టరు వచ్చి నరసయ్యను పడుకోబెట్టి, పట్టీ పైనుంచి చూశాడు. రక్తం కనపడలేదు. గడువుకు ముందు విప్పడానికి లేదు, విప్పేదాకా కన్ను ఉందో పోయిందో తెలియదు. గోదావరి చేతికి గుడ్డ కట్టి మెడకు వేలాడదీసి, "నువ్వు కాదా ఈయన పడడన్నది?" అని మరాఠీలో అడిగాడు. శాంత సిస్టర్ మాత్రం ఏమీ అనలేదు. అంటే బాగుండేదని గోదావరికి అనిపించింది, తిరిగి నాలుగు అనొచ్చు కదా.

కటకటాల మంచం ఇప్పుడైనా నరసయ్యకు ఇద్దామంటే షావుకారు కమ్మీలు పట్టుకుని దిగనన్నాడు. ఇచ్చినా లాభం లేదని గోదావరికి తెలుసు. పిడి తియ్యడానికి లేచినవాడు కటకటాలెక్కి మరీ దూకుతాడు, అప్పుడు ఇంకా పైనుంచి పడతాడు. కరెంటు చూస్తే రోజుకోసారైనా పోయే కాలం.

సాయంత్రం నరసయ్యతో పనిచేసే వెంకటేశ్ పలకరించడానికి వచ్చాడు. వచ్చి, నోరు విప్పకుండా, నరసయ్య ఛాతీ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. పట్టీ కింద నరసయ్య మొహం విచ్చుకుంది.

"ఏందిరా అది, పేషెంటును కొడుతున్నవ్?" అంది గోదావరి.

"కొట్టుడు గాదక్క. నీ పిడి నేను తీసిన, నువ్వు నిమ్మలంగుండు అని. షెడ్ల మాటలేడ వినపడతయి? ఛాయ్ తాగనీకె పోయినోడికి వచ్చినంక గిట్లనే చెప్తం."

గోదావరి వాణ్ణి వరండాలోకి లాక్కెళ్ళి నిలదీసింది. వాడు నీళ్ళు నమిలి, చివరికి కక్కాడు. నరసన్నకు చెవులు పోయి ఏండ్లయింది. పెదవులు చూసి మాట పట్టుకుంటాడు. కంటికి పొర వచ్చాక ఆ పెదవులూ పోయాయి. మాలక్‌కు, అంటే షెడ్డు యజమానికి, తెలిస్తే పనిలోంచి తీసేస్తాడు, ఎందుకంటే సాంచా చెడితే ముందు చప్పుడు మారుతుంది, అది వినలేనివాణ్ణి ఎవడూ పెట్టుకోడు. నరసన్న చెయ్యి ఆనించి చూసుకుని నెట్టుకొస్తున్నాడు.

"యల్లమ్మకు తెల్వదా?"

"కొంచెం చెవుడనుకుంటది వదిన. పూర సంగతి ఆమెకు తెలిస్తె గల్లీ అంతా తెల్వదా అక్క? నువ్వు గూడ చెప్పకు."

గోదావరి చెప్పనంది. తన నోటి సంగతి తనకు తెలుసు గనక, ఆ మాట ఇచ్చినందుకు తననే తిట్టుకుంది. ఇంటికి పోయాక కూడా మనసు కుదుటపడలేదు. ఇన్నేళ్ళూ తను మల్లేశాన్ని అడ్డమైన తిట్లూ తిట్టింది, అడపాదడపా ప్రేమగా కూడా రెండు మాటలు అంది. అందులో ఆయన చెవిలో పడినవెన్ని? తిట్లు పడకపోతే మానె, ఆ రెండు మాటలైనా పడ్డాయో లేదోనని ఏడుపొచ్చింది.

మర్నాటి నుంచి నరసయ్య మంచమే ఆమె డ్యూటీ అయింది. కరెంటు పోవడం ఆలస్యం, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి ఆయన ఛాతీ మీద రెండు వేసేది. లేవబోయిన మనిషి మళ్ళీ తలగడ మీద వాలిపోయేవాడు. ఒకసారి ముద్ద నోట్లో పెట్టుకుని వచ్చింది, ఒకసారి పాయఖానాలోంచి చీర కుచ్చిళ్ళు పట్టుకుని వచ్చింది. ఆయా పేషెంట్లను బాదుతోందని వాసుదేవ్ డాక్టరుకు ఫిర్యాదు చేశాడు. నీకూ కావాలంటే చెప్పు షావుకారూ, మొహమాటపడకు అంది గోదావరి. ఆ తరువాత ఆయన మూలుగు కూడా తగ్గించాడు. రోజంతా ఆమె కళ్ళు మాత్రం ఆ పట్టీ మీదే ఉండేవి. దాని కింద కన్ను లేకపోతే, అది తీసినవాడు దేవుడు కాదు, తనే. ఇంకెవరి మీదికి నెట్టడానికీ వీల్లేదు.

పట్టీ విప్పే రోజు వచ్చింది. యల్లమ్మ పొద్దున్నే జొన్నరొట్టెల డబ్బాతో దిగింది. డాక్టరు పట్టీ విప్పి, టార్చి వేసి చాలాసేపు చూశాడు. కుట్టు చెక్కుచెదరలేదు. డాక్టరు సోడాబుడ్డి అద్దాల ఫ్రేము ఒకటి నరసయ్య ముక్కు మీద పెట్టి వేళ్ళు చూపించాడు. నరసయ్య ఎన్ని చూపిస్తే అన్నీ సరిగ్గా చెప్పాడు. బాగుంది, ఇంకొన్నాళ్ళు మాత్రం ఏడవకూడదు, కన్ను తడవకూడదు అని యల్లమ్మకు చెప్పి డాక్టరు పక్క మంచానికి పోయాడు.

భయం తీరిపోయింది కదా, యల్లమ్మకు ఇప్పుడు కోపమొచ్చింది. మొగుడి వెనకాల నిలబడి గుడ్డలు సర్దుతూ అందుకుంది. "లేవద్దంటె లేస్తివి. కన్ను దక్కింది గని లేకుంటె ఏంది గతి? చెప్పినప్పుడు తలకాయ ఊపుడు, ఎన్కనుంచి ఇష్టమొచ్చింది చేసుడు. ఆనాడు మన పద్మకు జొరమొచ్చినప్పుడు గూడ గంతే గద. పోరి మండిపోతుంది, సాంచాల పాళికి పోకు, దవాఖానకు తీస్కపోదాం అంటి. తలకాయ ఊపి పోతివి. నువ్వొచ్చేటాల్లకు పోరి లేదు."

నరసయ్య కొత్త కంటితో పైన తిరిగే ఫ్యాను రెక్కలు చూసుకుంటూ మురిసిపోయి నవ్వుతున్నాడు. కూతురి చావు గురించి పెళ్ళాం చెబుతుంటే నవ్వుతున్నాడు. "సూడక్క, ఎట్ల నవ్వుతుండో" అంది యల్లమ్మ. ఆ గొంతులో ఎన్నేళ్ళ విషం ఉందో గోదావరికి తెలిసిపోయింది. ఇక వెంకటేశ్‌కు ఇచ్చిన మాట ఆమె వల్ల కాలేదు.

"ఆయనకు వినపడదు, యల్లమ్మ."

"కొంచెం తక్కువనే, నాకు తెల్వదా."

"కొంచెం గాదు. ఏం వినపడదు. నీ మొకం చూస్తెనే నీ మాట తెలుస్తది. ఎన్క నిలబడితె నువ్వు లేనట్టె."

యల్లమ్మ చేతిలో తువ్వాలు మంచం మీద పడేసింది. మంచం చుట్టూ తిరిగి వచ్చి, స్టూలు మీద ఆయన ఎదురుగా కూర్చుంది. "ఎప్పటి సంది?" అని అడిగింది. ఆయన అద్దాల్లోంచి ఆమె పెదవులు చూశాడు, దొరికిపోయానని తెలిసి గోదావరి వైపు చూశాడు, మళ్ళీ భార్య వైపు తిరిగాడు.

"పద్మ పుట్టకముందు సంది" అన్నాడు.

అప్పుడు యల్లమ్మ ఆ పాత మాటలే, ఒక్కొక్కటీ విడదీసి, నెమ్మదిగా మళ్ళీ చెప్పింది. పోరికి జొరముంది. పాళికి పోకు. దవాఖానకు తీస్కపోదాం. చివరిదాకా ఆయన ఆమె నోటి మీంచి చూపు తిప్పలేదు. తలూపలేదు కూడా.

"ఆనాడు పొయ్యి కాడ నిలబడి అటు తిరిగి చెప్తుంటివి" అన్నాడు. "రోజు చెప్పినట్టె తొందరగ రమ్మంటున్నవనుకున్న. తొందరగనే వచ్చిన."

నిజమే, ఆ రోజు ఆయన పాళి సగంలోనే వదిలి, ఎప్పుడూ లేనిది తొందరగా ఇంటికి వచ్చాడు. వద్దన్నా వినకుండా పోయినవాడు ఎందుకంత తొందరగా వచ్చాడో యల్లమ్మకు ఇన్నేళ్ళూ అర్థం కాలేదు.

నరసయ్య గడ్డం వణకడం మొదలైంది. ఏడవొద్దు, కుట్టు తడుస్తుంది అని కసరడం గోదావరి పని. ఆ పని యల్లమ్మకే వదిలేసి షావుకారు మంచం వైపు జరిగింది. ఏమైంది, ఏమైంది అని షావుకారు కటకటాల మీదుగా మెడ చాచాడు. ఆమె మంచిచేత్తో ఆయన తల పట్టి గోడవైపు తిప్పేసింది.

యల్లమ్మ ముందుకు వంగి మొగుడి రెండు చెంపలూ పట్టుకుంది, తన మొహం ఆయనకు బాగా కనపడేలా.

"డాక్టర్ నిన్ను ఏడ్వద్దన్నడు" అంది. "నీ వంతుది గూడ నేనే ఏడుస్త. నువ్వు చూడు."

ఆయన చూస్తూ కూర్చున్నాడు.